మావుయి పట్టిన చేప: న్యూజీలాండ్ ఉత్తర ద్వీపాన్ని ఎలా చూడాలి

న్యూజీలాండ్ ఉత్తర ద్వీపానికి వెళ్లేవాళ్ల ప్లాను సాధారణంగా ఒకేలా ఉంటుంది. రెండు రోజులు ఆక్లండ్, ఒక రోజు వైటోమో గుహలు, ఒక రోజు రోటోరువా వేడినీటి బుగ్గలు, ఆ సాయంత్రమే భోజనంతో కలిపి ఒక మావోరి నృత్య కార్యక్రమం, చివరికి వెల్లింగ్టన్. నగరాలు ఒక లెక్క, ప్రకృతి ఒక లెక్క, సంస్కృతి ఇంకో లెక్క. టికెట్లు బుక్ చేసుకోవడానికి ఈ పంపకం బాగానే పనికొస్తుంది. ఆ నేలను అర్థం చేసుకోవడానికి మాత్రం ఇదే అడ్డం పడుతుంది. అక్కడ ఏడు వందల ఏళ్లకు పైగా ఉంటున్న మావోరీల దృష్టిలో కొండ పూర్వీకుడు, నది బంధువు. ఊరు ఆ బంధుత్వాన్ని ఆనుకుని పుట్టింది. ఈ సంగతి తెలిసి చూస్తే ప్రతి చోటా రెండింతలు కనిపిస్తుంది.

ముందు మ్యాపు చూడాలి. ఉత్తర ద్వీపానికి మావోరి పేరు ‘తె ఇకా ఆ మావుయి’, అంటే మావుయి పట్టిన చేప. పురాణ వీరుడు మావుయి తన నాయనమ్మ దవడ ఎముకతో చేసిన గాలాన్ని సముద్రంలోకి వేసి ఈ చేపను పైకి లాగాడట. అతను నిలబడ్డ పడవ దక్షిణ ద్వీపం. అన్నలు ఆత్రం కొద్దీ చేపను అక్కడే నరకడం మొదలుపెడితే ఆ గాట్లు లోయలయ్యాయి, మిగిలిన భాగాలు కొండలయ్యాయి. చేప తల దక్షిణాన వెల్లింగ్టన్ దగ్గర, తోక ఉత్తరపు కొసన ఉన్నాయి. అందుకే మావోరి భాషలో ‘పైకి’ అనే మాటకు దక్షిణం అనే అర్థం కూడా ఉంది, ‘కిందికి’ అంటే ఉత్తరం. ఈ పేరుకు 2013లో అధికారిక గుర్తింపు వచ్చింది. వైశాల్యం దాదాపు 1,13,700 చదరపు కిలోమీటర్లు, అంటే ఇంచుమించు తెలంగాణ అంత. జనాభా మాత్రం సుమారు 40 లక్షలే.

మన ఊర్ల పేర్లలో చెరువు, కుంట, కొండ, వాగు ఎలా కలిసిపోయి ఉంటాయో అక్కడి పేర్లూ అలాగే ఉంటాయి. ‘వై’ అంటే నీళ్లు, ‘రోటో’ అంటే సరస్సు, ‘మౌంగా’ అంటే కొండ, ‘పుకె’ అంటే గుట్ట, ‘మోటు’ అంటే దీవి, ‘నుయి’ అంటే పెద్ద, ‘ఇతి’ అంటే చిన్న. ఈ ఏడు మాటలు తెలిస్తే చాలు, రోడ్డు పక్కన ఉన్న బోర్డుల్లో సగం వాటంతట అవే అర్థం చెబుతాయి. వైటోమో అంటే నీళ్లు దూరే బిలం. రోటోరువా అంటే రెండో సరస్సు.

పేర్ల కన్నా లోతైనది నిప్పు కథ. న్గాటోరోయిరంగి అనే పూజారి తె అరావా పడవలో ఈ తీరానికి వచ్చి, ద్వీపం నడుమ ఉన్న మంచుకొండ ఎక్కాడు. అక్కడ చలికి ప్రాణం పోయేలా ఉంటే దూరాన పూర్వీకుల స్వస్థలం హవైకిలో ఉన్న తన అక్కచెల్లెళ్లను నిప్పు పంపమని కేక వేశాడు. వాళ్లు నిప్పు తీసుకుని నేల కింద నుంచి బయలుదేరారు. దారి సరిచూసుకోవడానికి మధ్యమధ్యలో పైకి తేలారు. ఫకారి దీవి దగ్గర ఒకసారి, రోటోరువా దగ్గర ఒకసారి, టౌపో దగ్గర ఒకసారి. వాళ్లు తల పైకెత్తిన ప్రతి చోటా ఇప్పుడు ఆవిరి, మరిగే బురద, అగ్నిపర్వతం. ఆ కొండకు టోంగారిరో అని పేరు వచ్చింది. టోంగా అంటే దక్షిణపు చలిగాలి, రిరో అంటే పట్టుకుపోవడం.

భూగర్భ శాస్త్రం చెప్పేది వేరే భాషలో ఉంటుంది. భూమి పైపొరలో పసిఫిక్ ఫలకం ఆస్ట్రేలియా ఫలకం కిందికి జారుతోంది, ఆ వేడి పైకి వచ్చే పట్టీకి టౌపో అగ్నిపర్వత మండలం అని పేరు. ఆ పట్టీ ఫకారి దగ్గర మొదలై రోటోరువా, టౌపో మీదుగా టోంగారిరో వరకు సాగుతుంది. కథ గీసిన గీత, శాస్త్రవేత్తలు గీసిన గీత ఒకటే. ఏ బుగ్గ ఏ బుగ్గతో కలిసి ఉందో మావోరీలు తరతరాలుగా గమనించి, ఆ జ్ఞానాన్ని మరిచిపోకుండా కథలో దాచుకున్నారు. ఆ గీత ఇప్పటికీ ప్రాణంతోనే ఉంది. 2019 డిసెంబరు 9న ఫకారి పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు, వాళ్లలో 22 మంది చనిపోయారు. ఆ తర్వాత దీవి మీదికి టూర్లు ఆగిపోయాయి.

ఆక్లండ్‌లో విమానం దిగినవాళ్లు ముందు 328 మీటర్ల స్కై టవర్ ఎక్కుతారు. ఎక్కడం తప్పేమీ కాదు గానీ, ఆ నగరం అసలు రూపం కనిపించేది మౌంగఫౌ మీద నుంచి. మౌంట్ ఈడెన్ అని కూడా అంటారు. ఆక్లండ్ నగరం యాభైకి పైగా చిన్న అగ్నిపర్వతాల మీద పరుచుకుని ఉంది. వాటిలో వయసులో అన్నింటికన్నా చిన్నది, సముద్రంలో గొడుగు బోర్లించినట్టు కనిపించే రంగిటోటో, పుట్టి ఆరు వందల ఏళ్లే అయింది. అది పేలినప్పుడు మనుషులు దగ్గరే ఉన్నారు. పక్కనున్న మోటుటాపు దీవిలో బూడిద పొరల మధ్య మనుషుల అడుగుల ముద్రలు దొరికాయి.

196 మీటర్ల మౌంగఫౌ వాలులు మెట్లు మెట్లుగా ఉంటాయి. అవి ప్రకృతి చెక్కినవి కావు, మనుషులు తవ్వినవి. ఇళ్లకు చదును చేసుకున్న గట్లు, శత్రువు ఎక్కకుండా తీసిన కందకాలు, చిలగడదుంపలు దాచుకోవడానికి తవ్విన పాతర్లు. మన పల్లెల్లో ఒకప్పుడు ధాన్యానికి పాతర్లు తీసినట్టే. అగ్నిపర్వతపు మట్టిలో పంట బాగా పండేది, రెండు వైపులా రేవులు ఉండేవి, అందుకే ఈ చోటు కోసం అందరూ పోటీ పడ్డారు. నగరం మావోరి పేరు టామకి మకౌరౌను చాలామంది కోరుకున్న టామకి అని అర్థం చెబుతారు.

వలస వచ్చిన ప్రభుత్వాల కాలంలో ఈ కొండలు చాలావరకు కంకర క్వారీలయ్యాయి. రోడ్లకు, రైలు పట్టాలకు రాయి కావాలని కొన్ని గుట్టలను దాదాపు నేలమట్టం చేశారు. 2014లో ఒక చట్టం 14 కొండల యాజమాన్యాన్ని 13 తెగల సమాఖ్యకు తిరిగి అప్పగించింది. ఇప్పుడు మౌంగఫౌ శిఖరం మీదికి కార్లు మామూలుగా వెళ్లనివ్వరు, నడిచి ఎక్కాలి. మధ్యలో యాభై మీటర్ల లోతున్న గుంటలోకి దిగకూడదు, అది మటాహో అనే దేవత గిన్నె. పర్యాటకులకు ఇదొక ఆంక్షలా అనిపించవచ్చు. కానీ బస్సుల బారి నుంచి బయటపడ్డ ఆ గట్లు ఇప్పుడు కంటికి స్పష్టంగా ఆనుతున్నాయి, ఇదే అసలు లాభం.

ఆక్లండ్ నుంచి ఉత్తరానికి మూడు, మూడున్నర గంటల ప్రయాణంలో వైటంగి ఉంది. చాలా ప్లాన్లలో దీన్ని కొట్టేస్తారు, దూరం అని. ఆ నిర్ణయం సరైంది కాదు. మిగతా ద్వీపమంతా వినిపించే వాదన మొదలైంది అక్కడే. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాణి తరఫున విలియం హాబ్సన్, మావోరి నాయకులు అక్కడ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఒప్పందాన్ని హెన్రీ విలియమ్స్ అనే మిషనరీ ఒక్క రాత్రిలో మావోరిలోకి మార్చాడు. ఇంగ్లిషు ప్రతిలో సార్వభౌమాధికారం ఇచ్చేస్తున్నట్టు ఉంది. మావోరి ప్రతిలో ఆ చోట ఉన్న మాట ‘కావనటంగ’, గవర్నరు అనే మాట నుంచి పుట్టించినది, పరిపాలన అని అర్థం. పైగా తమ నేల మీద, తమ అమూల్యమైన వాటి మీద పెద్దరికం తమదేనని రెండో అంశం చెబుతుంది. దేశమంతా తిరిగి సేకరించిన ఐదు వందలకు పైగా సంతకాల్లో నలభై లోపే ఇంగ్లిషు ప్రతి మీద ఉన్నాయి. మిగతావాళ్లంతా సంతకం చేసింది మావోరి ప్రతి మీదే. ఆ తేడా లోంచి యుద్ధాలు, భూముల జప్తులు వచ్చాయి. 1975లో ఫిర్యాదులు వినడానికి వైటంగి ట్రిబ్యునల్ ఏర్పడింది. కొండలు, గుహలు, సరస్సుల అడుగు నేలలు తిరిగి తెగల చేతికి వస్తున్నాయంటే దాని వెనుక ఈ కాగితం ఉంది.

ఇక రోటోరువా. ఊళ్లోకి రాగానే గంధకం వాసన, డ్రైనేజీ మూతల లోంచి, ఇళ్ల పెరళ్ల లోంచి ఆవిరి. ఫకరెవరెవ లోయలో పోహుటు అనే బుగ్గ రోజుకు ఇరవై సార్ల వరకు, ముప్ఫై మీటర్ల ఎత్తుకు నీళ్లు చిమ్ముతుంది. దాన్ని చూసి అబ్బురపడే చాలామందికి అది దాదాపు చచ్చి బతికిందని తెలియదు. ఊరి హోటళ్లు, ఇళ్లు వేడి కోసం ఎక్కడపడితే అక్కడ బోర్లు వేశాయి. నేల కింద ఒత్తిడి పడిపోయి బుగ్గలు ఒక్కొక్కటే నీరసించాయి. పాపకురా అనే బుగ్గ 1979లో పూర్తిగా ఆగిపోయింది. 1986లో ప్రభుత్వం పోహుటుకు కిలోమీటరున్నర లోపు ఉన్న బోర్లన్నీ మూయించింది. జనం గట్టిగా వ్యతిరేకించినా వెనక్కి తగ్గలేదు. ఒత్తిడి మెల్లగా పెరిగింది, 2015లో పాపకురా మళ్లీ చిమ్మింది. బోర్లు వేసి వేసి ఊరి బావులు ఎండిపోవడం చూసినవాళ్లకు ఈ కథ వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. టౌపో దగ్గరి వైరాకెయ్‌లో ఇలా జరగలేదు. అక్కడ 1958లో భూగర్భ వేడితో కరెంటు తయారుచేసే కేంద్రం మొదలైంది, పక్కనున్న లోయలో బుగ్గలు కొన్నేళ్లకే ఆగిపోయాయి.

ఈ ఊళ్లో పర్యాటకం మొదలైన తీరు కూడా తెలుసుకోవాల్సిందే. 1870, 80ల్లో ప్రపంచం నలుమూలల నుంచి జనం ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసి తరవెర కొండ దగ్గరికి వచ్చేవారు. అక్కడ సరస్సు ఒడ్డున గులాబీ రంగు, తెల్ల రంగు మెట్లు ఉండేవి. వేడినీళ్లు మోసుకొచ్చిన సిలికా పేరుకుని ఏర్పడ్డ మెట్లు అవి. వాటికి దారి చూపేది, పడవలు నడిపేది, రుసుము వసూలు చేసేది తూహోరంగి తెగవాళ్లే. తె వైరోవా అనే వాళ్ల ఊళ్లో హినెమిహి అనే సమావేశ గృహంలో బొమ్మల కళ్లకు మామూలుగా పెట్టే ఆల్చిప్ప బదులు బంగారు నాణేలు పొదిగారు. సంపాదన అలా ఉండేది.

1886 జూన్ 10 తెల్లవారుజామున తరవెర కొండ పేలింది. పదిహేడు కిలోమీటర్ల పొడవునా నేల చీలింది. సుమారు 120 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మావోరీలు. మెట్లు మాయమయ్యాయి, తె వైరోవా బురదలో కూరుకుపోయింది. సోఫియా హినెరంగి అనే గైడు ఇంటి పైకప్పు గట్టిది కావడంతో అందులో దూరిన పదుల మంది బతికారు. ఇల్లూ వాకిలీ పోయిన తూహోరంగి వాళ్లకు ఫకరెవరెవలోని బంధువులు చోటు ఇచ్చారు. సోఫియా అక్కడ మళ్లీ గైడు పని మొదలుపెట్టింది, ఆమె వెనుక ఇంకో తరం ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో మేగీ పాపకురా అనే పేరుతో తెలిసిన మకెరెటి తర్వాత ఇంగ్లండ్ వెళ్లి ఆక్స్‌ఫర్డ్‌లో తన ప్రజల జీవితం మీద పరిశోధన రాసింది. 1930లో అది సమర్పించడానికి కాస్త ముందు ఆమె చనిపోయింది.

ఈ నేపథ్యం తెలిస్తే ఒక సందేహం తీరుతుంది. రోటోరువాలో డబ్బులు తీసుకుని చూపించే మావోరి కార్యక్రమాలు నిజమైనవా, పర్యాటకుల కోసం అల్లినవా అని చాలామంది అడుగుతారు. అతిథులకు దారి చూపడం, ఆకలి తీర్చడం, దానికి ధర కట్టడం ఆ తెగలకు ఒకటిన్నర శతాబ్దాల వృత్తి. ఆ కార్యక్రమంలో జరిగేది కుదించిన స్వాగతమే గానీ అబద్ధపు స్వాగతం కాదు. ముందు ఒక స్త్రీ గొంతెత్తి పిలుస్తుంది. ఒక యోధుడు వచ్చి, వచ్చినవాళ్లు మిత్రులా శత్రువులా అని పరీక్షిస్తాడు. తర్వాత ప్రసంగం, పాట, ముక్కు నుదురు ఆనించి ఊపిరి పంచుకోవడం, చివరికి భోజనం. యోధుడు నాలుక చాపినప్పుడు నవ్వడం, వెక్కిరిస్తున్నట్టు అనుకరించడం చాలా పెద్ద మర్యాద తక్కువ పని.

సమావేశ గృహంలోకి వెళ్లేటప్పుడు చెప్పులు బయట విడవాలి. ఇది మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. లోపలికి వెళ్లాక తల పైకెత్తి చూడాలి. ఆ ఇల్లు ఒక పూర్వీకుడి దేహం. ముందు కప్పు అంచున ఉన్న బొమ్మ ఆయన తల, కిందికి వాలే రెండు పలకలు చేతులు, వాటి చివర్లు వేళ్లు. ఇంటి పొడవునా పోయే దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు, నడుమ నిలబడ్డ నిట్రాడు గుండె. తెలుగులో పాత ఇళ్ల పైదూలాన్ని వెన్నుగాడి అనేవారు. వేల మైళ్ల దూరంలో రెండు జాతుల వడ్రంగులకు ఒకటే పోలిక తట్టింది. గోడల వెంట చెక్కిన బొమ్మలు ఆ వంశంలోని మనుషులు. కాబట్టి అందులో కూర్చోవడం అంటే ఆ పెద్దాయన ఒడిలో కూర్చోవడమే. ఈ చెక్కడపు పని దాదాపు అంతరించే దశలో ఆపిరానా న్గాటా అనే మావోరి నేత చొరవతో 1927లో రోటోరువాలో శిల్ప పాఠశాల మొదలైంది. దాని వారసత్వం ఫకరెవరెవ లోయలోని తె పుయియా అనే కేంద్రంలో కొనసాగుతోంది, అక్కడ విద్యార్థులు ఉలి పట్టి పనిచేస్తుంటే పక్కన నిలబడి చూడవచ్చు.

వైటోమో గుహల్లో పడవ చీకట్లో జారుతుంటే పైకప్పంతా నీలి చుక్కలు. అవి మిణుగురులు కావు, ఒక రకం చిన్న ఈగ లార్వాలు. సన్నని దారాలకు జిగురు చుక్కలు వేలాడదీసి, వెలుతురు చూసి వచ్చే పురుగులను పట్టి తింటాయి. రెక్కలొచ్చాక ఈగకు తినడానికి పనికొచ్చే నోరు ఉండదు, కొద్ది రోజుల్లో చనిపోతుంది. 1887లో టానె టినోరౌ అనే మావోరి నాయకుడు, ఫ్రెడ్ మేస్ అనే సర్వేయరు కొవ్వొత్తుల వెలుతురులో తెప్ప మీద లోపలికి వెళ్లారు. రెండేళ్లకు టినోరౌ సందర్శకులకు చూపించడం మొదలుపెట్టాడు. 1906లో ప్రభుత్వం గుహను తీసుకుంది. 1989లో ఆయన వారసులకు తిరిగి ఇచ్చింది. గైడుల్లో ఆ కుటుంబాల వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మనుషుల ఊపిరి ఎక్కువైతే గుహకు హాని కాబట్టి లోపలి గాలిని నిత్యం కొలుస్తారు.

టోంగారిరో విషయంలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: 1887లో హోరోనుకు తె హెయుహెయు అనే నాయకుడు ఈ శిఖరాలను దేశానికి దానం చేశాడని. భూమి కోర్టు ఆ కొండలను ముక్కలు చేసి అమ్మకానికి పెడుతుందని ఆయన భయపడ్డాడు. ఆ భయంతోనే రాణి పేరు కింద ఉంచాడు, అలా దేశపు మొదటి జాతీయ పార్కు ఏర్పడింది. కానీ ఆయన ఉద్దేశం వదులుకోవడం కాదని, కలిసి కాపాడుకోవడమని వైటంగి ట్రిబ్యునల్ తేల్చింది. ప్రకృతి విలువకు 1990లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మనుషులకు ఆ కొండలతో ఉన్న బంధానికి 1993లో సాంస్కృతిక భూదృశ్యంగా వచ్చింది, ఆ కొలమానం కింద ప్రపంచంలో అదే మొదటిది. ఇక్కడి దాదాపు ఇరవై కిలోమీటర్ల నడకదారి చాలా పేరున్నది. దారిలో కనిపించే పచ్చల సరస్సుల్లో కాళ్లు పెట్టకూడదని, న్గౌరుహోయి శిఖరం ఎక్కొద్దని స్థానిక తెగలు కోరుతున్నాయి. మెరుపులా మారే వాతావరణం ఇంకో సంగతి, ఎండాకాలంలో కూడా వెచ్చని బట్టలు లేకుండా బయలుదేరకూడదు.

ఆ కొండల్లో పుట్టి 290 కిలోమీటర్లు పారే వాంగనుయి నదికి 2017 మార్చిలో చట్టం మనిషితో సమానమైన హోదా ఇచ్చింది. ‘నేనే నది, నదే నేను’ అనేది అక్కడి తెగల మాట. నది తరఫున ప్రభుత్వం నియమించిన ఒకరు, తెగలు నియమించిన ఒకరు కలిసి మాట్లాడతారు. మన దేశంలో ఉత్తరాఖండ్ హైకోర్టు కూడా 2017 మార్చి 20న గంగా యమునలకు అదే హోదా ప్రకటించింది, జూలైలో సుప్రీంకోర్టు నిలిపివేసింది. తేడా ఎక్కడుందో ఆలోచించాలి. వాంగనుయి చట్టం 140 ఏళ్ల పోరాటం చివర వచ్చింది, ఎవరు మాట్లాడాలి, ఎవరు బాధ్యులు అన్నది అందులో రాసి ఉంది. మన దగ్గర తీర్పు ముందు వచ్చింది, ఆ ఏర్పాటు వెనకబడింది. తరనాకి కొండకు కూడా 2025 జనవరిలో ఇలాంటి హోదా దక్కింది.

వెల్లింగ్టన్‌కు ఒక రోజు చాలు. గాలికి పేరున్న ఊరు, 1865 నుంచి రాజధాని. తె పాపా మ్యూజియంలో విదేశీ సందర్శకులకు ఇప్పుడు 35 న్యూజీలాండ్ డాలర్ల టికెట్ ఉంది, పెట్టదగ్గ ఖర్చే. పాత తమిళ అక్షరాలున్న ఒక కంచు గంట ఆ మ్యూజియం సేకరణలో ఉంది. 1830ల్లో విలియం కొలెన్సో అనే మిషనరీ చూసేటప్పటికి మావోరి స్త్రీలు దానిలో దుంపలు ఉడకబెట్టుకుంటున్నారు. నేషనల్ లైబ్రరీలో వైటంగి ఒప్పందపు అసలు కాగితాలను ఉచితంగా చూడవచ్చు. ఎలుకలు కొరికిన అంచులతో సహా.

తెలుగు ప్రయాణికులకు రెండు జాగ్రత్తలు. ఆవకాయ, నెయ్యి, తేనె, విత్తనాలు ఏవున్నా విమానాశ్రయం ఫారంలో తప్పకుండా రాయాలి. దాచితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. గబ్బిలాలు తప్ప నేల మీది క్షీరదాలే లేని దీవుల్లో పెరిగిన పక్షులు, చెట్లు బయటి నుంచి వచ్చే ఏ తెగులునూ తట్టుకోలేవు. అదే కారణంతో ఉత్తరాన వైపోవా అడవిలో టానె మహుటా అనే కౌరీ మహావృక్షం దగ్గరికి వెళ్లే ముందు బూట్లు కడిగించుకుంటారు. కౌరీ చెట్లను చంపే రోగం మట్టితో పాటే నడుస్తుంది. ఇక శాకాహారులు నేల పొయ్యిలో వండే ‘హాంగి’ భోజనానికి ముందే చెప్పి ఉంచాలి, చిలగడదుంప, గుమ్మడి, బంగాళాదుంప విడిగా పెడతారు.

పది రోజులుంటే ఆక్లండ్‌కు రెండు, వైటంగికి రెండు, వైటోమోకు ఒకటి, రోటోరువాకు రెండు, టోంగారిరోకు రెండు, మిగిలింది వెల్లింగ్టన్‌కు. డిసెంబరు నుంచి మార్చి వరకు మంచి కాలం. రోటోరువాలో రెండో రోజు ఏ టికెట్టూ పెట్టుకోకపోవడం మేలు. ఫకరెవరెవలో ఆ తెగల వాళ్లు ఇప్పటికీ కాపురం ఉంటున్నారు, మరిగే గుంటలో మొక్కజొన్న కండెలు ఉడకబెడతారు, ఆవిరి పెట్టెల్లో కూర వండుకుంటారు. మధ్యాహ్నం దాటాక సందర్శకులను పంపేసి గేటు వేస్తారు. వేడినీళ్లు కాలువల్లో నుంచి స్నానాల తొట్లలోకి పారుతుంటాయి, సాయంత్రం ఊరివాళ్లు తువ్వాళ్లు భుజాన వేసుకుని వాటి దగ్గరికి వస్తారు.